రాకపోకలు లేని రోడ్డు

జూన్ 18, మంగళవారం

 

పొద్దున్న ఆరున్నరకి కొత్త రోడ్డు మీద మా స్కూలు పిల్లల్ని నలుగురిని వరసగా పెట్టి సైకిళ్ళు తొక్కిస్తున్నాను. అందరికంటే ముందు చిట్టితల్లి, అందరికంటే వెనక నేను. కొండ మలుపులో రాళ్ళ లారీ ఒకటి హారన్ కూడా కొట్టకుండా ఎంత దగ్గర నుంచి పోయిందంటే, ఆ గాలికే చిట్టితల్లి సైకిల్ గట్టు దిగిపోయింది. మోచెయ్యి చీరుకుపోయింది. హ్యాండిల్ వంకరపోయింది. లారీ ఆగలేదు. నంబరు చూద్దామంటే వెనక బోర్డు నిండా బురద.

పిల్లని స్కూలుకి తీసుకొచ్చి కట్టు కట్టించాక హెడ్మాస్టర్ గారు నన్ను గదిలోకి పిలిచి అన్నది ఇదీ: "పుష్పవతి గారూ, ఆడపిల్లలకి ఖోఖో ఉంది, కబడ్డీ ఉంది. సైకిల్ రేసులు మనకెందుకండీ? రేపేదైనా అయితే ఊచలు లెక్కపెట్టేది మీరూ నేనూ." లారీవాడి గురించి ఒక్క మాట లేదు. తప్పు చేసినవాడు హాయిగా వెళ్ళిపోయాడు. ప్రాక్టీసు మాత్రం నా పిల్లలకి బంద్. డిసెంబర్‌లో జిల్లా పోటీలున్నాయి. పదహారేళ్ళుగా ఈ నర్సీపట్నంలో ఈల ఊదుతున్నాను, ఒక్క పిల్లని సైకిల్ రేసులో జిల్లా దాటించలేకపోయాను. దాటించగలిగిన పిల్ల ఇన్నాళ్ళకి దొరికితే తొక్కడానికి రోడ్డు లేదు.

ఆయన డ్యూటీ దిగి వచ్చాక చెప్పాను. వరహాలు గారంటే డిపోలో అందరికీ గౌరవమే, కానీ ఆర్టీసీ డ్రైవర్ కదా, జాలి ఎప్పుడూ స్టీరింగు వైపే. "ఘాట్‌లో సైకిలోడు కనబడితే నాకే గుండె జారిపోద్ది పుష్పా. లారీవోడ్ని తిడితే ఏటి లాభం. మీరక్కడ తొక్కడం మానీండి" అన్నారు.

అందరూ మానెయ్యమనేవాళ్ళే.

జూన్ 19

పాత రోడ్డు ఉంది కదా.

జూన్ 23, ఆదివారం

ఒక్కదాన్నే వెళ్ళి వచ్చాను. ఇన్నాళ్ళు బుద్ధి ఎక్కడ పెట్టానో.

గెడ్డమీదిపాలెం దగ్గర బస్సు రోడ్డు వదిలి ఎడమకి తిరిగితే, అక్కడి నుంచి కొండ మీద పనసబంద దాకా తొమ్మిది కిలోమీటర్లు. కొత్త రోడ్డు పడ్డాక ఈ నాలుగేళ్ళలో బస్సులూ లారీలూ అన్నీ అటు మళ్ళిపోయాయి. ఇటు తారు అక్కడక్కడా లేచింది గాని చక్రానికి ఇబ్బంది లేదు. రెండు పక్కలా మద్దిచెట్లు, ఆ పైన వెదురు. మూడు చోట్ల గెడ్డ రోడ్డు కిందుగా పారుతోంది. ఎక్కుతుంటే నా ఊపిరి నాకే వినపడింది. ఇంకో చప్పుడు లేదు.

మూడో మలుపు దగ్గర చైన్ ఊడి ఇరుక్కుపోయింది. ఎవరో ఒకాయన సైకిల్‌కి రెండు పక్కలా అనాసపళ్ళ బుట్టలు కట్టుకుని దిగుతూ నన్ను చూసి ఆగాడు. పుల్లతో చైన్ లాగి పెట్టి, మంచినీళ్ళు ఇచ్చి వెళ్ళాడు. ఆ పైన రోడ్డు రెండుగా చీలిన చోట అడ్డాకుల మోపు ఎత్తుకున్న ఇద్దరు ఆడవాళ్ళు "పనసబందకి ఇటెల్లాల టీచరమ్మా" అని దారి చూపించారు. టీచరునని ఎలా తెలిసిందో. ఈల వల్ల కాబోలు.

తొమ్మిది కిలోమీటర్లు, ఒక్క మనిషి లేడు. పిల్లలు కళ్ళు మూసుకుని తొక్కొచ్చు.

జూన్ 30, ఆదివారం

మొత్తం మూడు దారులు లెక్క తేలాయి. పూర్తి ఎక్కుడు తొమ్మిది కిలోమీటర్లు. గెడ్డ చుట్టూ తిరిగి వచ్చేది నాలుగు. జీడితోటల్లోంచి సమంగా పోయేది ఆరు. దూరాలు, ఏటవాలు, గుంతలు అన్నీ కాగితం మీద గీశాను. అనాసపళ్ళాయన మళ్ళీ కనిపించాడు. "ఏటి రాసుకుంతన్నారు?" అని అడిగాడు. ఇది సైకిళ్ళ రోడ్డు అవుతుందని చెప్పాను. "మంచిదే. మాకూ సైకిలుందండి" అని నవ్వాడు.

జూలై 14, ఆదివారం

పటం పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్ళాలా అని మూడు ఆఫీసులు తిరిగితే చివరికి మనిషే నా దగ్గరికి వచ్చాడు. పృథ్వీరాజ్ గారని, ముప్పై ఏళ్ళుంటాయి, విజయవాడ నుంచి వచ్చారు. ఆ కొండల్లో వనవిహార్ అని ఎకో పార్కు వస్తోందట, దాని పని అంతా ఆయన చేతి మీద. నా పటం అరగంట చూశారు. "మేడమ్, డబ్బిచ్చి కంపెనీతో చేయించినా ఇంత బాగా రాదు" అన్నారు. వాహనాలు లేని సైకిల్ దారులు రాష్ట్రంలోనే ఎక్కడా లేవట.

నన్నెవరైనా మెచ్చుకుని ఎన్నాళ్ళయిందో. ఆయన వెళ్ళాక టీ గ్లాసు కడుగుతూ కూనిరాగం తీశానట. వరహాలు గారు వెక్కిరించారు.

జూలై 21

పృథ్వీరాజ్ గారిచ్చిన పార్కు సర్వే ఫారం నింపి ఇచ్చాను. పదకొండు పేజీలు. ఒక గడి దగ్గర కాసేపు ఆగాను. 'స్థానికుల రాకపోకలు' అని ఉంది. పృథ్వీరాజ్ గారు చెప్పారు, ఉన్నాయని రాస్తే ఫైలు ఊరి సభకి వెళ్ళాలి, ఆరు నెలలు పడుతుంది, మళ్ళీ ఇటు వస్తుందన్న నమ్మకం లేదు, లేవని రాస్తే దసరాలోపు బళ్ళు రాకుండా గేటు పడుతుందని. రాకపోకలంటే బళ్ళు అనే కదా అర్థం. బళ్ళు లేవు. అదే రాశాను.

గేటు పడగానే పాత రోడ్డు మీద తొక్కొచ్చని పిల్లలకి చెప్పాను. చిట్టితల్లి గ్రౌండంతా పరిగెత్తింది.

సెప్టెంబర్ 29, ఆదివారం

ఈరోజు జరిగింది పొల్లుపోకుండా రాస్తాను. రేపు చదివితే నాకే నమ్మకం కుదరకపోవచ్చు.

వనవిహార్ ప్రారంభోత్సవం. షామియానా, మైకు, బెలూన్లు. ఆకుపచ్చ గేటు. గేటు పక్కన మనిషికి రెట్టింపు ఎత్తున నా పటం. అవి నా మూడు దారులే. నా కొలతలే. గెడ్డ మలుపు దగ్గర నేను వేసిన చిన్న బాణం గుర్తు కూడా అలాగే ఉంది. కింద ఎవరెవరి పేర్లో పదిహేను ఉన్నాయి, టెంట్లు వేసినవాడితో సహా. నా పేరు లేదు.

పేరు సంగతి వదిలేద్దాం. పేరు కోసం చేయలేదు. అది కాదు నా బాధ.

పిల్లలు నలుగురూ తెల్లారకుండా లేచి, సైకిళ్ళకి నూనె పెట్టి, రిబ్బన్లు కట్టుకుని వచ్చారు. గేటు దగ్గర యూనిఫాం వేసుకున్న మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. "బయట సైకిళ్ళకి పర్మిషన్ లేదు. లోపల అద్దెకి ఇస్తారు. పద్దెనిమిదేళ్ళు నిండాల." నేను ఈ పిల్లల టీచర్నని చెప్పాను. ఈ దారి గీసింది నేనని చెప్పాను. వాడు నా వెనక ఎవరో పెద్దమనిషి కారు వస్తుంటే గేటు తెరవడానికి పరిగెత్తాడు. అవును, కారు. వాహనాలు లేని రోడ్డు మీదికి వరసగా నాలుగు కార్లు, టెంట్లవాళ్ళ జీపు ఒకటి వెళ్ళాయి. నా పిల్లలు రిబ్బన్ల సైకిళ్ళు పట్టుకుని ఆ దుమ్ములో నిలబడ్డారు.

పృథ్వీరాజ్ గారిని మైకు దగ్గర పట్టుకున్నాను. "మేడమ్, ఇన్సూరెన్స్ రూల్స్. నెక్స్ట్ ఫేజ్‌లో స్టూడెంట్స్‌కి ఒక స్లాట్ పెడదాం" అన్నారు. కళ్ళు మైకు వైపే ఉన్నాయి.

తిరిగి వస్తుంటే చిట్టితల్లి అడిగింది, "మేడం, మరి మనమెక్కడ తొక్కాల?"  

అక్టోబర్ 4

రిజిస్టర్డ్ ఉత్తరాలు రెండు పంపాను. ఒకటి పార్కుకి, ఒకటి వాళ్ళ పైవాళ్ళకి.

అక్టోబర్ 11

జవాబు లేదు. వాళ్ళ ఫోటోలు మాత్రం ఫోనులో రోజుకి పది వస్తున్నాయి. విశాఖ నుంచి వచ్చినవాళ్ళు రంగు రంగుల చొక్కాలతో నా గెడ్డ దగ్గర, నా మలుపుల దగ్గర. కింద రాతలు: ఎవరూ లేని అడవి, స్వచ్ఛమైన ఏకాంతం.

నా గెడ్డ, నా మలుపులు. ఇలాగే రాస్తాను. నా డైరీ ఇది.

అక్టోబర్ 21, సోమవారం

ఆయన ఇంటికి వచ్చేసరికి చొక్కా మీద రక్తం. 

"నాది కాదు" అన్నారు ముందుగానే. కూచోబెట్టి మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకునే ఉండిపోయారు. తర్వాత చెప్పారు. కొత్త రోడ్డు ఘాట్‌లో, జూన్‌లో చిట్టితల్లి పడిన మలుపుకి కొంచెం పైన, సైకిల్ మీద సీతాఫలాలు వేసుకుని దిగుతున్న మనిషిని రాళ్ళ లారీ కొట్టేసింది. బస్సు అక్కడికి చేరేసరికి పది నిమిషాలైందట. ఆయన బస్సు ఆపి, ఆ మనిషిని వెనక సీటు మీద పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తెచ్చారు. రోడ్డంతా పళ్ళు.

"తొడెముక ఇరిగిపోనాది. ఆ నొప్పిలో కూడా బుట్టలడుగుతన్నాడు పుష్పా. బుట్టలు పైకెట్టినారా బాబూ అని."

"ఏ ఊరట?"

"పనసబంద. సింగన్నట."

పనసబంద వాళ్ళు కొత్త రోడ్డుకెందుకొచ్చారు? వాళ్ళకి పాత రోడ్డు తొమ్మిది కిలోమీటర్లు. ఇటు చుట్టు తిరిగితే పదిహేడు, అదీ ఘాట్. అడిగాను. ఆయన నా వంక చూశారు. "గేటెట్టీసినారు కదా" అన్నారు.

అక్టోబర్ 22, మంగళవారం

సాయంత్రం స్కూలు అయ్యాక ఆసుపత్రికి వెళ్ళాను. మగవాళ్ళ వార్డులో చివరి మంచం. కాలికి బరువు కట్టి వేలాడదీశారు. మనిషి నన్ను చూడగానే లేవబోయాడు. "ఆ వేల గొలుసూడిపోయిన టీచరమ్మ గదండీ" అన్నాడు. అనాసపళ్ళాయన. ఇంతకీ పేరు నేనెప్పుడూ అడగలేదు.

భార్య జోగులమ్మ కింద చాప మీద కూచుని ఉంది. సన్నగా, గట్టిగా ఉంది. ఏడవలేదు. నేను అడిగినకొద్దీ చెప్పింది.

"దసరాకి ముందు గేటెట్టినారమ్మా. తొలిరోజు ఈయన సైకిలు నడిపించుకెల్తే ఎనక్కి పంపీసినారు. మా తాతల నాటి దారి బాబూ ఇది అన్నాడట. లేదు, ఈ దారిని ఎవులూ నడవరని కాయితంలో రాసుంది, మీరు కొత్తగా వొచ్చి గొడవ సేస్తన్నారు అన్నారట. మావు కొత్తగా వొచ్చినామట. ఇరవై రోజులు కొత్త రోడ్డంట అలగే తిరిగినాడు. మా ఊరి గుంటలు బడికెల్లడం మానీసినారు. నొప్పులొచ్చిన మనిసి ఒకర్తుంటే ఆ రోడ్డంటే మోసుకుపోనారు."

"ఎవరు రాశారట ఆ కాగితం?" అన్నాను. నా గొంతు వార్డంతా వినపడి ఉంటుంది, నర్సు తిరిగి చూసింది.

"మాకేటి తెలుస్తాదమ్మా. ఎవులో సదూకున్నోలు."

ఒళ్ళు మండిపోయింది. ఇరవై రెండు గడపల ఊరు ఉండగా ఎవరూ నడవరని రాయడానికి చెయ్యెలా వచ్చిందో. కొండెక్కకుండానే ఫాను కింద కూచుని రాసి ఉంటాడు. అలాంటివాడిని ఆ తొమ్మిది కిలోమీటర్లూ నెత్తి మీద మోపు పెట్టి నడిపించాలి. రేపు ఆ పృథ్వీరాజ్ గొంతు పట్టుకుని పేరు కక్కిస్తాను.

అక్టోబర్ 23, బుధవారం

కక్కించక్కర్లేకపోయింది. పృథ్వీరాజ్ టేబుల్ సొరుగు లాగి ఫైలు నా ముందుకు తోశారు.

ఏడో పేజీ. స్థానికుల రాకపోకలు: లేవు. నా దస్తూరి. కింద నా సంతకం, హోదా, స్కూలు ముద్ర.

"మేడమ్, నేను మిమ్మల్ని ఫోర్స్ చెయ్యలేదు" అన్నారు పృథ్వీరాజ్. మర్యాదగానే అన్నారు.

అక్టోబర్ 24

రాయడానికేమీ లేదు.

అక్టోబర్ 26

గేటు కట్టింది నేనా? లారీ నడిపింది నేనా? బళ్ళు అనుకుని రాశాను. ఎవరైనా అలాగే అనుకుంటారు. అయినా ఒక పీఈటీ రాసిన ఒక్క మాట పట్టుకుని ఊరి దారి మూసేస్తారా? వచ్చి చూసుకోవద్దా? తప్పంతా వాళ్ళది.

అక్టోబర్ 27, ఆదివారం

పొద్దున్నంతా కూచుని ఈ డైరీయే మొదటి నుంచి చదివాను.

జూన్ 23న ముగ్గురు. చైన్ పెట్టినాయన, అడ్డాకుల ఆడవాళ్ళిద్దరు. వాళ్ళ గురించి ఐదు వాక్యాలు రాసి, ఆరో వాక్యంలో ఒక్క మనిషి లేడు అన్నాను. జూన్ 30న మళ్ళీ ఆయనే. "మాకూ సైకిలుందండి" అన్నాడు. ఆ మాట కూడా రాసి పెట్టాను. ఇక రాయనివి గుర్తు చేసుకుంటే, మేకలతో ముసలాయన, జీడితోటలో కాపలా దంపతులు, తట్టలో కోళ్ళతో సంతకి దిగుతున్న ముగ్గురు, బడి పిల్లలు. నాకు నమస్కారం పెట్టిన పిల్లలు.

బళ్ళు అనుకుని రాయలేదు. ఆ గడి దగ్గర పెన్ను ఆగింది. ఆగిందంటే తెలిసే రాశాను. దసరాలోపు గేటు పడాలని రాశాను. చిట్టితల్లి కోసమని అనుకున్నాను, కొంత నిజమే. బోర్డు మీద పేరు పడుతుందని కూడా రాశాను.

మధ్యాహ్నం ఆయనకి చెప్పాను. కంచం ముందు పెట్టుకుని విన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండును.

"ఇప్పుడేటి సేద్దామని?"

"నాలుగో తారీఖు సోమవారం అర్జీల గ్రీవెన్స్‌లో ఇస్తాను. ఆ మాట అబద్ధమని."

"మెమో ఇస్తారు."

"ఇస్తారు."

అన్నం కలిపారు. "నాను రోజూ ఆ మలుపులో సైకిలోల్లని తిడతాను పుష్పా. ఎందుకొచ్చినార్రా ఈ రోడ్డుకని. ఆ వేల సింగన్నని ఎత్తుతుంటే కూడా నోటి దాకా వొచ్చింది అదే మాట."  చెయ్యి కడుక్కుని వచ్చి, "సెలవు పెడతాను. బండి మీద నానే తీస్కెల్తాను" అన్నారు.

నవంబర్ 4, సోమవారం

గ్రీవెన్స్ హాల్లో ఇరవై ఏడో నంబరు టోకెన్. రెండున్నర గంటలు కూచున్నాం. నేను, ఆయన, పనసబంద నుంచి ఆరుగురు. వాళ్ళు కొత్త రోడ్డు చుట్టు తిరిగి నడిచి వచ్చారు. జోగులమ్మ నా పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా నిలబడే ఉంది. ఆసుపత్రిలోనే ఆమెకి నిజం చెప్పాను, శుక్రవారం. విని, సింగన్న దుప్పటి సర్ది, "ఎల్లండి" అంది. అంతే అంది.

పృథ్వీరాజ్ కూడా వచ్చారు, లాప్‌టాప్‌తో. వరండాలో నన్ను పక్కకి పిలిచారు. "మేడమ్, మీ స్టూడెంట్స్‌కి వచ్చే ఆదివారం నుంచే స్లాట్ ఇస్తాను. రాసిస్తాను. ఇది మీ డ్రీమ్. మీ చేత్తో మీరే పాడు చేసుకోకండి."

జులైలో అయితే ఈ మాటకి కరిగిపోయేదాన్ని. "గేటు నా కల కాదండీ" అన్నాను. పూర్తిగా నిజం కాదు. కాని ఈరోజు నుంచి నిజం చేసుకోవచ్చు.

అధికారి ఆవిడ. కళ్ళజోడు తీసి నా కాగితం రెండుసార్లు చదివింది.

"ఈ సర్వేలో సంతకం మీదేనా?"

"నాదేనండి."

"ఇప్పుడు అది తప్పంటున్నారు. పొరపాటా?"

వెనక వరహాలు గారు దగ్గారు. పొరపాటే అంటే సరిపోతుంది. అందరికీ సరిపోతుంది.

"పొరపాటు కాదండి. మనుషులున్నారని తెలిసే లేరని రాశాను. పని తొందరగా అవుతుందని. ఏ రోజు ఎవర్ని చూశానో వెనక పేజీలో ఉంది."

 పృథ్వీరాజ్ లేచి, ఇది మేడమ్ వ్యక్తిగత అభిప్రాయమని, మళ్ళీ సర్వే చేయిస్తామని, రెండు నెలలు గడువు కావాలని అన్నారు.

అప్పుడు జోగులమ్మ టేబుల్ దగ్గరికి వచ్చింది. ఎవరూ పిలవలేదు. "సర్వే ఎందుకండీ. నడిసీ మనుసులం ఆరుగురం ఎదురుగా ఉన్నాం. లెక్కెట్టుకోండి. మిగతావోల్లు ఊల్లో ఉన్నారు. ఆల్లని లెక్కెట్టాలంటే గేటు తీసి పైకి రావాల."

అధికారి కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, పృథ్వీరాజ్ వైపు తిరిగి, గేటు తాళం ఎవరి దగ్గరుందని అడిగింది.

నవంబర్ 9

ఆర్డరు వచ్చింది. పనసబంద, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఎప్పుడైనా, కాలినడకన గాని సైకిల్ మీద గాని వెళ్ళవచ్చు. పార్కు కార్లు, జీపులు వెళ్ళకూడదు. పార్కుకి వచ్చేవాళ్ళు తొక్కుకోవచ్చు. అంబులెన్సుకి ఎవర్నీ అడగక్కర్లేదు.

నాకూ వచ్చింది ఒక కాగితం. ప్రభుత్వ ఉద్యోగి అయి ఉండి తప్పుడు ధ్రువీకరణ చేసినందుకు పదిహేను రోజుల్లో సంజాయిషీ. స్టాఫ్ రూములో ఎవరూ నాతో మాట్లాడలేదు. హెడ్మాస్టర్ గారు మాత్రం, "నోరు మూసుకునుంటే ఎవడికి తెలుసునండీ" అన్నారు. కోపం రావాల్సింది. వచ్చింది కూడా. కాని ఈ కోపానికి చివర ఎప్పుడూ నేనే నిలబడి ఉంటున్నాను. హాయిగా కోపం తెచ్చుకోవడం కూడా పోయింది.

నవంబర్ 17, ఆదివారం

పనసబంద వెళ్ళాను. గేటు దగ్గర మేమూ చుట్టుపక్కల ఊరివాళ్ళమే అన్నాను, తీశాడు. పిల్లలు నలుగురూ ఎక్కుడు తొక్కారు, మధ్యలో మేకలకి ఆగి, మోపులకి పక్కకి తప్పుకుంటూ. టైము పోతోందని చిట్టితల్లి గొణిగింది. పోనీమన్నాను.

సింగన్నని ఇంటికి పంపేశారు. కాల్లో రాడ్ వేశారు, ఆరు నెలలు నేల మీద బరువు పెట్టకూడదు. అరుగు మీద పడుకుని ఉన్నాడు. వాకిట్లో నిలబడ్డాను. "ఎండలో నిలబడ్డారేటి, నీడలోకి రండి" అన్నాడు. ఆ మంచితనం భరించడం కష్టంగా ఉంది.

జోగులమ్మలో అది లేదు. చేట పక్కన పెట్టి సూటిగా అడిగింది.

"మీరొచ్చి నిజం సెప్పినారు. బాగుంది. ఆ కాలు ఎప్పటికి లెగుస్తాదో ఆ డాక్టరుకే తెలీదు. మా సెట్లకి పళ్ళున్నాయి. ఈయన సైకిలు మీద నాలుగు బుట్టలు దిగీవి, నా నెత్తి మీద ఒకటి దిగతాది. మూడు కుల్లిపోతన్నాయి. దానికేటి సేస్తారు?"

నేను ఏదో అనబోయాను. సహాయం అనో, చందా అనో.

"అదొద్దు" అంది. "మీరు గుంటలకి సైకిలు నేర్పుతారట గదా. నాకు నేర్పండి."

సింగన్న అరుగు మీంచి, "ఈ ఒయిసులోనేటే" అన్నాడు. ఆమె అటు చూడలేదు.

నవంబర్ 24, ఆదివారం

ఏడుసార్లు పడింది. పదిహేనేళ్ళ పిల్లలు నేర్చుకునేటప్పుడు నవ్వుతారు. జోగులమ్మ నవ్వదు, ఏడవదు. లేచి, చీర కుచ్చిళ్ళు మోకాలి దాకా దోపుకుని, మట్టి దులుపుకుని, "మల్లీ" అంటుంది. సీటు వెనక పట్టుకుని పరిగెత్తి నా నడుము పట్టేసింది. ఒక్క మాట మెత్తగా మాట్లాడలేదు నాతో. అడగలేను కూడా.

డిసెంబర్ 1

మలుపు దాకా ఒంటరిగా తొక్కింది. బ్రేకు ఎందుకుందో ఆ తర్వాత తెలిసింది. తుప్పల్లోంచి మేమిద్దరం సైకిల్ లాగుతుంటే మొదటిసారి పేరు పెట్టి పిలిచింది. "పుష్పవతమ్మా, ఆ కొస అందుకోండి."

డిసెంబర్ 8

జిల్లా పోటీలు. చిట్టితల్లి నాలుగో స్థానం. మూడో పిల్లకీ తనకీ మధ్య రెండు సెకన్లు. దారి పొడుగునా ఏడ్చింది, నేనూ ఓదార్చలేదు. ఇన్ని నెలల ప్రాక్టీసు ఎక్కడికి పోయిందో మా ఇద్దరికీ తెలుసు. నా మెమో మీద విచారణ జనవరికి వాయిదా పడింది.

డిసెంబర్ 15, ఆదివారం

జోగులమ్మ ఈరోజు సరుకుతో దిగింది. ముందు రెండు చిన్న బుట్టలు, వెనక ఒకటి. ఎక్కువ వద్దన్నాను. నా మాట వినడం ఆమెకి ఇష్టం ఉండదు, ఈసారి విన్నది. పనసబంద దాటేదాకా సింగన్న కర్ర సాయంతో వాకిట్లో నిలబడి చూశాడు. నిలబడకూడదు. చెప్పినా కూచోలేదు.

నేను వెనక నా సైకిల్ మీద ఉన్నాను. దిగుడులో బ్రేకు వదలకుండా, రోడ్డుకి సరిగ్గా నడిమధ్యన, నడిచే వేగంతో వెళ్తోంది. పక్కకి వెళ్తే గెడ్డలో పడతానని భయం. గెడ్డ మలుపు దగ్గర వెనక నుంచి గంటలు మోగాయి. విశాఖ నుంచి వచ్చినవాళ్ళు ఐదుగురు, హెల్మెట్లు, నల్లకళ్ళద్దాలు, మెరిసే సైకిళ్ళు. నన్ను దాటి ఆమె వెనక్కి చేరారు. గంట కొట్టారు. మళ్ళీ కొట్టారు. అందులో ముందున్నతను కొంచెం విసుగ్గా, "అమ్మా, పక్కకి జరగండి. ఇది సైకిళ్ళ రోడ్డు" అన్నాడు.

నా నోట్లోకి ఎన్ని మాటలు వచ్చాయో. ఈ రోడ్డు ఎవరిదో, ఎవరు ఎందుకు మంచాన పడ్డారో, అన్నీ. నోరు తెరిచాను కూడా.

జోగులమ్మ ఒక కాలు నేల మీద ఆనించి సైకిల్ ఆపింది. తల తిప్పి అతన్ని పైనించి కింద దాకా చూసింది. అతని సైకిల్ చూసింది.

"మరి నాదేటి బాబూ, ఎడ్లబండా?"

అని, చీర ఒకసారి సర్దుకుని, పెడల్ మీద కాలేసింది. నడిరోడ్డునే వెళ్ళింది. వాళ్ళు ఐదుగురూ, వాళ్ళ వెనక నేనూ, గెడ్డమీదిపాలెం దాకా ఆమె వెనకే, ఒకరి వెనక ఒకరం, బ్రేకుల మీద చేతులు పెట్టుకుని మెల్లగా దిగాం.